తంజావూరు నాయకరాజుల నాటి పడగ కఠారికి నమూనా తయారీ: అలుగు, పిడి, అతుకులు

ఆకురాయి (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. విజయనగర సామ్రాజ్యపు చివరి దశలోనూ, తంజావూరు నాయకరాజుల కాలంలోనూ దక్షిణాదిన వాడిన పడగ కఠారికి చేతి పనిముట్లతో ఒక నమూనా చేయాలని సంకల్పించాను. పని మొదలుపెట్టే ముందు ఇక్కడి అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. గోడకు తగిలించే రేకు బొమ్మ నాకు అక్కరలేదు. చేతిలోకి తీసుకుంటే ఆనాటి ఆయుధపు బరువు, పొందిక, పిడి బిగువు తెలియాలి. అంచుకు పదును పెట్టే ఉద్దేశం మాత్రం లేదు.

ఈ ఆయుధం గురించి తెలియనివారి కోసం కొంత వివరం చెబుతాను. మామూలు బాకులో పిడి, అలుగు (పిడి ముందున్న పొడిచే భాగం) ఒకే గీతలో ఉంటాయి. కఠారిలో రెండు పక్కబద్దలు, వాటి మధ్య అడ్డంగా రెండు కడ్డీలు ఉంటాయి. ఆ కడ్డీలను గుప్పిట బిగించినప్పుడు పక్కబద్దలు ముంజేతికి ఇరువైపులా వెనక్కి సాగుతాయి, అలుగు పిడికిలికి సూటిగా ముందు నిలుస్తుంది. పొడిచేటప్పుడు భారం మణికట్టు మీద పడకుండా మొత్తం చేతి మీద పడేలా చేసిన అమరిక ఇది. దక్షిణాది తొలినాటి కఠారుల్లో చేతి వెనుక భాగాన్ని కప్పే పడగ కూడా ఉంటుంది. ఉత్తరాదిన మొఘల్, రాజపుత్ర కాలాల్లో చేసిన కఠారుల్లో సాధారణంగా ఈ పడగ కనబడదు. నాకు కావలసినది పడగ ఉన్న రకమే.

అలుగుకు పాత లారీ కమాను పట్టీ, పక్కబద్దలకు, కడ్డీలకు మెత్తని ఇనుము, పడగకు 1.6 మిల్లీమీటర్ల ఎమ్మెస్ (మెత్తని ఉక్కు) రేకు వాడదామని అనుకుంటున్నాను. అలుగును పిడికి ఎలా అతకాలన్నదే నా ప్రధాన సందేహం. వెల్డింగ్ చేస్తే పని సులువవుతుంది గాని, అప్పుడు అది నమూనా అనిపించుకోదని నా అభిప్రాయం.

శాసనాల వెంట (తిరుపతి)

మంచి వస్తువును ఎంచుకున్నారు. దీనికి తెలుగువారితో ఉన్న సంబంధం చాలామంది గమనించరు కాబట్టి ముందుగా ఆ సంగతి చెబుతాను. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయల వంశానికి ‘కఠారి సాళువ’ అనే బిరుదు ఉండేది. విజయనగర రాజచిహ్నంలో వరాహం, సూర్యచంద్రులతో పాటు కఠారిని కూడా చెక్కారు. 1532లో సేవప్ప నాయకుడితో మొదలైన తంజావూరు నాయకరాజుల పాలన తెలుగు పాలన. రఘునాథ నాయకుడి కొలువులో తెలుగు కావ్యాలు వెలిశాయన్న సంగతి మన సాహిత్య చరిత్ర చదివినవారందరికీ తెలుసు. ఆ కొలువు వైభవంలో ఆయుధాగారం కూడా ఒక భాగమన్న సంగతిని మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. 1673లో విజయరాఘవ నాయకుడు యుద్ధంలో మరణించాక కోట మధుర నాయకుల చేతికీ, తరువాత మరాఠాల చేతికీ పోయింది. ఆయుధాలు మాత్రం చాలావరకు ఆ కోటలోనే ఉండిపోయాయి.

మరాఠా రాజుల వంశం 1855లో వారసుడు లేక ఆగిపోయాక ఆ ఆయుధాగారం ఆంగ్లేయుల వశమైంది. 1860ల్లో ఆయుధాలను మద్రాసుకు తరలించి, మ్యూజియానికి పనికివస్తాయనుకున్నవాటిని ఏరుకొని, మిగిలినవాటిలో చాలా భాగాన్ని పాత ఇనుము కింద విరిచి అమ్మేశారు. ఈనాడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్, న్యూయార్క్ సంగ్రహాలయాల్లోనూ కనబడే తంజావూరు కఠారులు ఆ వినాశనం నుంచి తప్పించుకున్నవి.

మీ పనికి నేరుగా అవసరమైన విషయం ఒకటుంది. ఈ పడగ కఠారుల్లో చాలావాటి అలుగులు ఇక్కడ తయారైనవి కావు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకున్నాక ఐరోపా కత్తులు దక్షిణాదికి విరివిగా దిగుమతి అయ్యాయి. ఆ కత్తుల అలుగులను కావలసిన పొడవుకు కోసి, మన పనివారు తమ పిడిలో బిగించేవారు. అలుగు మీద సన్నని పొడవాటి గాడులు రెండో మూడో కనబడితే అది ఐరోపా అలుగు అయ్యే అవకాశం ఎక్కువ. అందువల్ల ఈ ఆయుధంలో దక్షిణాది పనితనమంతా పిడిలోనే ఉందని చెప్పవచ్చు.

ఉక్కుపిడి (హైదరాబాదు)

శాసనాల వెంట గారి మాట కాదనను గాని, నాకొక అభ్యంతరం ఉంది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కాచుకొని కూర్చునేవారు. 1820ల తొలి సంవత్సరాల్లో హెన్రీ వోయ్సీ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త ఆ కొలిములను స్వయంగా చూసి, మట్టి మూసలో ఇనుమును ఉంచి మూత వేసి, గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చే పద్ధతిని రాసి పెట్టాడు. అటువంటి సంపద మన నేల మీద ఉండగా లారీ కమాను పట్టీతో అలుగు చేయడం నాకు చిన్నతనంగా తోస్తోంది. డమాస్కస్ ఉక్కు దిమ్మలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఖర్చైనా దానితోనే చేయమని నా సలహా.

కొలిమి కబుర్లు (సిరిసిల్ల)

ఉక్కుపిడి గారూ, మీ అభిమానాన్ని గౌరవిస్తాను, కాని మీరు రెండు వేర్వేరు వస్తువులను ఒకటిగా చూస్తున్నారు. ఆన్‌లైన్‌లో డమాస్కస్ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కు పొరలను పేర్చి, కొలిమిలో అతికి, మడతలు పెట్టి సాగదీసినది. కోనసముద్రం ఉక్కు అలాంటిది కాదు. అది మూసలోనే ఒకే ముద్దగా గడ్డకట్టిన అధిక కార్బన్ ఉక్కు. దాని మీద కనబడే నీటి అలల వంటి చారలు పొరలు కావు, చల్లారేటప్పుడూ, సాగగొట్టేటప్పుడూ వరుసలు కట్టిన కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) రేణువులు. పొరల దిమ్మతో అలుగు చేసి మూస ఉక్కు అని చెప్పుకోవడం కంటే, కమాను పట్టీతో చేసి కమాను పట్టీ అని చెప్పుకోవడమే నిజాయితీ. పైగా అసలు వస్తువులోనే ఐరోపా అలుగు ఉన్నప్పుడు, చారలు లేని సాదా ఉక్కు, దాని మీద సన్నని గాడులు ఉంటేనే నమూనా దానికి దగ్గరగా ఉంటుంది.

ఇక ఆకురాయి గారి ప్రశ్నకు వస్తాను. మా ఇంట్లో తరాలుగా కొలిమి పని. మా నాన్నగారు కమాను పట్టీని నేరుగా సమ్మెట కిందికి ఎన్నడూ తీసుకునేవారు కాదు. ముందుగా దాన్ని దోరగా ఎర్రబడేదాకా కాల్చి, పొడి బూడిదలో కప్పి, తెల్లవారేదాకా వదిలేసేవారు. అలా నిదానంగా చల్లారితే పట్టీ మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది. వాడి పారేసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్ళు ఉండవచ్చు. మధ్య బోల్టు రంధ్రం చుట్టూ, పట్టీ కొసల దగ్గర వాటి బెడద ఎక్కువ. తునక బాగున్నట్టు కనబడినా ఆ భాగాలను వదిలేయండి. చేతిలో డబ్బు ఉంటే వాడని కొత్త పట్టీనే కొనడం మేలు. జింకు పూత ఉన్న ఇనుమును మాత్రం ఏ పరిస్థితిలోనూ కొలిమిలో పెట్టకండి. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వచ్చి మంచం పడతారు.

అతుకు విషయంలో మీ ఆలోచన సరైనదే. పిడి ముందు భాగం నుంచి రెండు పలకలు ముందుకు సాగి, అలుగు మొదలును ఇరువైపులా పట్టుకోవాలి. ఆ మూడు పొరల గుండా రివెట్లు దిగాలి. అలుగు వేరు వస్తువుగా తయారై వచ్చింది కాబట్టి అప్పటివారు ఈ పద్ధతి పట్టుకున్నారు. అలుగు విరిగితే రివెట్లు తీసి మరొకటి బిగించుకోవచ్చు.

నల్లకోటు (విజయవాడ)

పని మొదలుకాక ముందే ఒక మాట చెప్పడం మంచిది. 2016 నాటి ఆయుధాల నిబంధనల మొదటి షెడ్యూలులో తుపాకులు కాని ఆయుధాల జాబితా ఉంది. కత్తులు, బాకులు, ఈటెలు మొదలైనవాటి పేర్లు చెప్పి, 9 అంగుళాల కన్నా పొడవు గాని, 2 అంగుళాల కన్నా వెడల్పు గాని ఉన్న అలుగుల ప్రస్తావన అందులో చేశారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు వాడేవాటిని మినహాయించారు. 1959 నాటి ఆయుధాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఇటువంటివాటిని దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అవసరమా కాదా అన్నది ఆ ప్రాంతానికి కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తయారీకి, అమ్మకానికి 5వ సెక్షన్ వర్తిస్తుంది.

అలుగు పొడవును 9 అంగుళాలకు, అంటే సుమారు 22.8 సెంటీమీటర్లకు లోపల ఉంచడం, అంచును మొద్దుగా వదిలేయడం మంచి జాగ్రత్తలు. అయితే బాకు అనే పేరే జాబితాలో ఉంది కాబట్టి కొలత తగ్గిస్తే సరిపోదని వాదించేవారూ ఉంటారు. కలెక్టరు కార్యాలయంలో ఆయుధాల లైసెన్సులు చూసే విభాగానికి మీ ఉద్దేశాన్ని వివరిస్తూ ఒక అర్జీ పెట్టి, సమాధానం లిఖితపూర్వకంగా తీసుకోండి. చేతిలో పట్టుకొని ఊరేగింపుల్లో తిరగడం, దానితో ఫోటోలు దిగి సామాజిక మాధ్యమాల్లో పెట్టడం వంటివి పూర్తిగా మానుకోవాలి.

ఆకురాయి (విశాఖపట్నం)

నల్లకోటు గారికి ధన్యవాదాలు. అర్జీ పెట్టాకే ఇనుము ముట్టుకుంటాను. అలుగు పిడి బయట 22 సెంటీమీటర్లు, మొదట్లో వెడల్పు 4 సెంటీమీటర్లు ఉండేలా గీతలు మార్చుకున్నాను. ఐరోపా అలుగులు సన్ననివే కాబట్టి వెడల్పు తగ్గినా పోలిక చెడదు. పొడవు మాత్రం అసలు వస్తువుల కన్నా కొంత తక్కువ అవుతుంది.

అడ్డకడ్డీల మధ్య దూరం, పక్కబద్దల మధ్య దూరం ఎంత ఉంచాలన్నది ఇప్పుడు నా ముందున్న ప్రశ్న. ఛాయాచిత్రాల్లో కొలబద్ద ఉండదు, ఉన్నా అది మొత్తం పొడవుకే ఉపయోగపడుతోంది.

దూరతీరం (న్యూజెర్సీ)

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ఆయుధ సేకరణలో ఆయుధాల సేకర్త జార్జ్ కామెరాన్ స్టోన్ 1935లో తన వీలునామా ద్వారా ఇచ్చిన భారతీయ ఆయుధాలు చాలా ఉన్నాయి, వాటిలో దక్షిణాది పడగ కఠారులు కూడా ఉన్నాయి. అద్దానికి ముక్కు ఆనించి చూసే అలవాటు నాకుంది కాబట్టి గమనించినవి చెబుతాను.

మొదటిది, పిడి ఇరుకు. మన చేతులకు అది చిన్నపిల్లల వస్తువులా తోస్తుంది. పక్కబద్దల మధ్య నాలుగు వేళ్ళు దూరితే చాలు, అటూ ఇటూ కదలడానికి చోటు ఉండదు. అది పొరపాటు కాదని నా నమ్మకం. గుప్పిట వదులుగా ఉంటే పోటు వేసినప్పుడు పిడి పక్కకు తిరుగుతుంది. మీ నమూనాను మీ చేతి కొలతకే చేసుకోండి, కాని హాయిగా ఉండేలా మాత్రం చేయకండి.

రెండోది, అలుగు మీది గాడులు పలకల కిందికి వెళ్ళిపోతాయి. పలక అంచు దగ్గర గాడి ఆగినట్టు చెక్కితే, అలుగు ఆ పిడి కోసమే తయారైనట్టు కనబడుతుంది. పొడవాటి కత్తి నుంచి కోసిన అలుగుకు అటువంటి మర్యాద ఉండదు, గాడి దాని దారిన అది సాగిపోతూ ఉండగా పలక వచ్చి మీద కూర్చుంటుంది. ఇప్పటి తయారీదారుల్లో చాలామంది ఈ ఒక్క చోటే దొరికిపోతున్నారు.

మూడోది, అడ్డకడ్డీలు సాదా కడ్డీలు కావు. నడుమ ఉబ్బి, ఆ ఉబ్బుకు ఇరువైపులా ఉంగరాల వంటి కట్లు ఉంటాయి. గుప్పిట బిగించినప్పుడు ఆ ఉబ్బు అరచేతి గుంటలో కూర్చుంటుంది. అలంకారమని దాన్ని వదిలేస్తే పిడి జారుతుంది.

శాసనాల వెంట (తిరుపతి)

పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా తన యాత్రావివరణలో కఠారిని వర్ణిస్తూ, అది నాగటి కర్రును పోలి ఉంటుందనీ, మనిషి దానిలోకి చేయి దూర్చితే ముంజేయి కప్పబడుతుందనీ, ముందుకు రెండు మూరల అలుగు ఉంటుందనీ చెప్పాడు. అతడు చూసింది ఉత్తరాదిన. ముంజేతిని కప్పే అమరిక పాతదేనని చెప్పడానికి ఇది చాలును. నాయకరాజుల నాటికి ఆ కప్పు చేతి వెనుక భాగానికి పరిమితమై, ఆకు ఆకారంలో చిల్లుల పని చేసిన పడగగా మారింది. తరువాతి తరాల్లో పక్కబద్దలే మిగిలాయి.

పోలికల కోసం శ్రీరంగం శేషరాయ మండపంలోని గుర్రపు స్తంభాలను చూడండి. లేచి నిలిచిన గుర్రాల కింద పోరాడుతున్న కాల్బలం నడుము పట్టీలు, ఆయుధాలు పట్టిన తీరు ఆ కాలపు శిల్పులు ఎంత శ్రద్ధతో చెక్కారో తెలుస్తుంది. అయితే రాతి శిల్పంలో ఆయుధపు మందం ఎప్పుడూ అసలు కన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి, అక్కడ చూసి ఆకారం తీసుకోవచ్చు గాని కొలతలు తీసుకోకూడదు.

కంచరి వీధి (శ్రీకాకుళం)

మా పని ఇత్తడి మీదైనా రేకు స్వభావం ఒకటే కాబట్టి పడగ గురించి చెబుతాను. 1.6 మిల్లీమీటర్ల రేకు సరైన ఎంపిక. ముందు చిల్లులు కోసి తరువాత వంచితే చిల్లుల దగ్గర రేకు ముడుచుకుంటుంది. ముందు పూర్తిగా వంచేసి తరువాత కోద్దామంటే రంపం ఆడదు. అందుకని రేకును ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరిచి, చెక్క మొద్దులో తొలిచిన పల్లంలో పెట్టి, గుండ్రటి ముఖం ఉన్న సుత్తితో అంచు నుంచి నడుముకు వస్తూ ముప్పావు వంతు వంపు తీసుకురండి. కొట్టేకొద్దీ రేకు గట్టిపడుతుంది. సుత్తి దెబ్బకు ఖంగుమనే శబ్దం వస్తే మళ్ళీ కాల్చాలని అర్థం. ఆ దశలో నమూనా గీసి, ప్రతి చిల్లుకూ డ్రిల్లుతో దారి చేసి, కంసాలులు వాడే సన్నని తీగ రంపానికి మైనం రాసి కోయండి. కోత పూర్తయ్యాక మిగిలిన వంపును చెక్క సుత్తితో తెచ్చుకోవచ్చు.

నడుమ నిలువుగా ఉండే వెన్నును రేకు వెనుక నుంచి ఎత్తాలి. దానికి గుగ్గిలం, ఇటుక పొడి, కొంచెం నూనె కలిపి కాచిన ముద్దను ఇనుప గిన్నెలో పోసి, అది వెచ్చగా ఉన్నప్పుడే రేకును బోర్లా అతికించుకోండి. ఆ ముద్ద దెబ్బను తీసుకుంటూనే రేకును కదలనివ్వదు. చలికాలంలో నూనె కాస్త ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ పడుతుంది. మీ విశాఖ ఉక్కపోతకు తక్కువే వేయండి.

చిల్లుల అంచులను ఆకురాయితో లోపలి వైపు వాలుగా చెక్కడం మరువకండి. పాత పనిలో పడగ తేలికగా, సన్నగా కనబడడానికి కారణం ఆ వాలే. రేకు అసలు మందం బయటికి కనబడదు.

ఉక్కుపిడి (హైదరాబాదు)

కొలిమి కబుర్లు గారి వివరణ చదివాక పొరల దిమ్మ మాట విరమించుకుంటున్నాను. అయితే పదును పెట్టని అలుగుకు క్వెంచింగ్ (కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచడం), టెంపరింగ్ (మళ్ళీ కొద్దిగా వేడిచేసి పెళుసుదనం తగ్గించడం) అవసరమా? మెత్తని ఉక్కును అలాగే వదిలేస్తే పగుళ్ళ భయం ఉండదు, చట్టం దృష్టిలోనూ అది ఆయుధం అనిపించుకోదు కదా?

కొలిమి కబుర్లు (సిరిసిల్ల)

చట్టం సంగతి నల్లకోటు గారికే వదిలేస్తాను. పనివాడిగా మాత్రం వేడి మర్యాద జరగని ఉక్కును నేను అలుగు అనలేను. మెత్తటి అలుగు ఒకసారి కిందపడితే వంగి, వంగినచోటే ఉండిపోతుంది. ఆకురాయి గారు కోరుకున్న చేతి అనుభవంలో అలుగు తిరిగి నిటారుగా నిలవడం కూడా ఒక భాగం.

వరుస తప్పకుండా చేస్తే పగుళ్ళకు భయపడనక్కరలేదు. గాడులు, వెన్ను, మొన దగ్గరి మందం అన్నీ మెత్తగా ఉన్నప్పుడే పూర్తి చేయాలి. రివెట్ల రంధ్రాలు కూడా అప్పుడే వేసి, రెండు వైపులా అంచులను గుండ్రం చేయాలి. వాడిగా వదిలేసిన రంధ్రపు అంచు నుంచే పగులు మొదలవుతుంది. అంచు మందం ఒకటిన్నర మిల్లీమీటరుకు తక్కువ కాకుండా చూడండి. అటుపైన అయస్కాంతం అంటనంత వేడికి కాల్చి, గాలిలో చల్లారనివ్వడం రెండు మూడు సార్లు చేస్తే సుత్తి దెబ్బల వల్ల లోపల చేరిన ఒత్తిడి పోతుంది. అయస్కాంతం 770 డిగ్రీల దగ్గర అంటడం మానేస్తుంది. కమాను ఉక్కుకు దానికన్నా కొంత ఎక్కువ వేడి, సుమారు 850 నుంచి 870 డిగ్రీలు కావాలి. చీకటి గదిలో చూస్తే ఆ రంగు నారింజ పండు తొక్కను తలపిస్తుంది. పట్టపగలు ఎండలో ఈ పని పెట్టుకుంటే కన్ను మోసపోతుంది.

చల్లార్చడానికి నూనె వాడండి, నీరు కాదు. 50, 60 డిగ్రీలకు వేడి చేసిన నూనె చల్లటి నూనె కన్నా త్వరగా వేడిని లాగేస్తుంది, ఎందుకంటే వేడెక్కితే నూనె పలచబడి ఇనుము చుట్టూ చురుగ్గా కదులుతుంది. మొనను కిందికి పెట్టి నిలువుగా ముంచాలి, పక్కలకు ఊపితే అలుగు వంకర పోతుంది. నూనె డబ్బాకు మూత, పక్కన ఇసుక బక్కెట్టు తప్పనిసరి. పలకల మధ్య నిలిచే మొదలు భాగాన్ని నూనెలో ముంచకుండా మెత్తగానే ఉంచండి.

తరువాత ఒక చోట నల్లమచ్చ లేకుండా ఉప్పు కాగితంతో తెల్లగా రుద్ది, మొదలు నుంచి వేడిని నెమ్మదిగా పాకించండి. గడ్డి రంగు, గోధుమ రంగు, ఊదా, నీలం వరుసగా పరుగెత్తుతాయి. కత్తిపీటకైతే గడ్డి రంగు దగ్గరే ఆపుతాం. పదును అక్కరలేని మీ అలుగుకు నీలం వచ్చేదాకా, అంటే సుమారు 300 డిగ్రీల దాకా వెళ్ళవచ్చు. అప్పుడది కమానులా వంగి తిరిగి నిలుస్తుంది.

ఆకురాయి (విశాఖపట్నం)

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. అర్జీకి సమాధానం వచ్చాకే పని మొదలుపెట్టాను. ఇప్పటివరకు పిడి అస్థిపంజరం పూర్తయింది. అడ్డకడ్డీల కొసలను 5 మిల్లీమీటర్ల మొలలుగా చెక్కి, పక్కబద్దల రంధ్రాల్లోకి దూర్చి, బయట మిగిలిన కొసను సుత్తితో పరిచాను. ఆ మీదట వెలిగారం చల్లి ఇత్తడి టంకం పోశాను. టంకం కరగడానికి 900 డిగ్రీల దరిదాపు వేడి కావాలి కాబట్టి, అలుగు ఆ చుట్టుపక్కల లేనప్పుడే ఈ పని ముగించాలన్న సంగతి పనిలో దిగాకే పూర్తిగా అర్థమైంది. నీలం దాకా తెచ్చిన అలుగుకు ఆ వేడి తగిలితే కష్టమంతా నూనెపాలవుతుంది. ముందు టంకం, తరువాత పడగ, ఆఖరున అలుగు అన్న వరుస పాతవారు ఎందుకు పాటించి ఉంటారో ఇప్పుడు తెలుస్తోంది.

పలకలు అలుగును కరచుకునే చోట ఇరువైపులా యాళి (గుడి శిల్పాల్లో కనబడే సింహం వంటి కాల్పనిక జంతువు) తలలు చెక్కాలి. మెత్తని ఇనుములో ఉలి చక్కగానే సాగుతోంది. కన్ను, కోర, జూలు గీతలు వరుసగా వస్తున్నాయి గాని, యాళి నోరు తెరిచి అలుగును మింగుతున్నట్టుండాలా, బయటికి కక్కుతున్నట్టుండాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. వస్తువు పూర్తయ్యాక పాతదనం కనబడేలా కరక్కాయ కషాయం పూద్దామని ఒక మిత్రుడు సూచించారు. ఈ రెండింటి మీద అభిప్రాయాలు చెప్పండి.

శాసనాల వెంట (తిరుపతి)

యాళి సంగతి సులువు. గుడి తోరణాల్లో మకరం నోటి నుంచి తీగ వెలువడినట్టే, ఇక్కడ కూడా అలుగు యాళి నోటి నుంచి వెలువడాలి. దవడలను ముందుకు చాచి, కోరలను అలుగు వైపు వాల్చండి.

కరక్కాయ విషయంలో నేను కచ్చితంగా వ్యతిరేకిని. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, ఇనుప ద్రావణం కలిసి నలుపునిచ్చినట్టే మీ ఇనుము కూడా అందంగానే నల్లబడుతుంది, అందులో సందేహం లేదు. కాని వస్తువును పాతదిగా కనిపించేలా చేయడం వేరు, పాత పద్ధతిలో చేయడం వేరు. నాయకరాజుల ఆయుధాగారంలో ఈ కఠారి మెరుస్తూనే ఉండేది. దానికి నలుపు పట్టింది మన నిర్లక్ష్యం వల్ల. దాన్ని అనుకరించవలసిన పని లేదు.

నల్లకోటు (విజయవాడ)

ఆ మాటకు ఒక న్యాయపరమైన కారణం కూడా చేర్చవచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. పాతదిగా కనిపించే నమూనాను రేపు మీ తరువాతివారు ఎవరికైనా ఇస్తే, అది నకిలీ అనీ కావచ్చు, అసలుదనీ కావచ్చు, రెండు విధాలా చిక్కే. తయారైన సంవత్సరాన్ని చెరగని విధంగా గుర్తు వేయండి.

దూరతీరం (న్యూజెర్సీ)

గుర్తును అడ్డకడ్డీ లోపలి వైపు వేస్తే పట్టుకున్నప్పుడు కనబడదు, వెతికినవాడికి మాత్రం దొరుకుతుంది. పలక కింద వేస్తే రివెట్లు ఊడదీస్తే గాని ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ వద్దు. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి కషాయానికి బదులు పలచగా తేనెమైనం పూత పూసి, నెలకోసారి మెత్తని గుడ్డతో తుడుచుకోవడం మేలు. ఒరలో మాత్రం ఉంచకండి, తోలులోని రసాయనాలు, చెమ్మ కలిసి అలుగును తినేస్తాయి.

ఆకురాయి (విశాఖపట్నం)

కషాయం ఆలోచన మానుకున్నాను. సంవత్సరాన్ని వెనుక అడ్డకడ్డీ లోపలి వైపు అచ్చు గుద్దుతాను. ఇక మిగిలింది రివెట్లే. 4 మిల్లీమీటర్ల మెత్తని ఇనుప తీగతో నాలుగు రివెట్లు అనుకుంటున్నాను. అలుగును పలకల మధ్య పెట్టి చూస్తే మొదట్లో సరిగ్గా కూర్చుంది, మొన వైపు పలక కొస దగ్గర మాత్రం సన్నని కాగితం దూరేంత సందు కనబడుతోంది. రివెట్లు బిగిస్తే ఆ సందు దానంతట అదే మూసుకుపోతుందా?

కొలిమి కబుర్లు (సిరిసిల్ల)

మూసుకుపోతుంది గాని, అలా మూయించకండి. రివెట్టు బలంతో పలకను వంచితే ఆ బిగువు పలకలోనే ఉండిపోయి, కొన్నాళ్ళకు రివెట్టు తల కింద వదులవుతుంది. పలక లోపలి ముఖానికి దీపపు మసి రాసి, అలుగును పెట్టి నొక్కి తీయండి. మసి అంటినచోట ఎత్తు ఉన్నట్టు లెక్క. ఆ ఎత్తును ఆకురాయితో కొద్దికొద్దిగా తీసుకుంటూ, మసి అంతటా సమంగా అంటేదాకా పట్టు వదలకండి. ఓపిక కావలసిన చోటు ఇదే.

రివెట్టు తీగ పలక బయటికి తన వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే మీ లెక్కకు 6 మిల్లీమీటర్లు మిగలాలి. అంతకు తగ్గితే తల నిండుగా రాదు, పెరిగితే తీగ పక్కకు వాలిపోతుంది. రంధ్రాల మధ్య కనీసం 12 మిల్లీమీటర్ల దూరం, పలక అంచు నుంచి 8 మిల్లీమీటర్ల దూరం ఉండేలా చూసుకోండి. నాలుగింటినీ ముందు దూర్చి ఉంచి, పిడికి దగ్గరి దానితో మొదలుపెట్టండి, తరువాత మొన వైపు చివరిది, ఆ పైన నడుమ ఉన్న రెండూ. ఒక్కొక్కదాన్ని ఒకేసారి పూర్తి చేయకుండా నాలుగింటినీ సగం సగం పరిచి, రెండో విడతలో గుండ్రని తల తీసుకురండి. అలుగు మొదలు మెత్తగా ఉంచమన్నది ఇందుకే, గట్టిపడిన ఉక్కు పక్కన సుత్తి పని పెట్టుకుంటే చిట్లే ప్రమాదం ఉంది.

బిగించాక పిడిని గుప్పిట పట్టుకొని, అలుగు మీద చెక్క సుత్తితో చిన్నగా తట్టి వినండి. అంతా ఒకే ముక్క అయినట్టు ఒకే మోత రావాలి. ఎక్కడైనా చిటచిటమన్న సన్నని అదురు వినబడితే ఏదో ఒక రివెట్టు రంధ్రాన్ని నింపలేదని అర్థం. అప్పుడు తలను మళ్ళీ కొట్టి లాభం లేదు, దాన్ని డ్రిల్లుతో తీసేసి కొత్తది వేయండి.

కంచరి వీధి (శ్రీకాకుళం)

రివెట్లు కొట్టేటప్పుడు పడగను తడిగుడ్డతో చుట్టి, కింద ఇసుక సంచి పెట్టండి. దాగలి (సుత్తి పనికి ఆధారంగా ఉంచే ఇనుప దిమ్మ) అంచుకు తగిలి చిల్లుల దగ్గర సొట్ట పడితే వెనుక నుంచి సరిచేయడానికి అప్పటికి చేయి దూరదు.

ఆకురాయి (విశాఖపట్నం)

మసి రాసి చూశాను. ఎడమ పలక నడుమ ఎత్తు ఉంది, కుడి పలక సమంగానే ఉంది. ఎడమదాన్ని ఆకురాయితో దించుతున్నాను. ఇసుక సంచి, గుండ్రని తల తీసే అచ్చు సిద్ధం చేసుకున్నాక రివెట్లు మొదలుపెడతాను. రివెట్లు పడ్డాక బరువు తూచి, కొలతలతో సహా ఇక్కడే రాస్తాను.